న్యూయార్కు నగరమున శునక విహారము

పరదేశమునకు పోయినవారు అచ్చటి మేడలను గూర్చియు వంతెనలను గూర్చియు వ్రాయుట పరిపాటి. మేమును 2025వ సంవత్సరము వసంతకాలమున న్యూయార్కు నగరమునకు పోవునప్పుడు అట్టివే చూడవలెనని తలంచితిమి. కాని ఆ నగరము మాకు తెలిసివచ్చిన త్రోవ వేఱు. మా కుమార్తెయు అల్లుడును ఉద్యోగములకు పోవువారు. మనుమరాలు బడికి పోవును. పగటివేళ ఇంట మిగులునది మేమును, వారి కుక్కయును. దానిని దినమునకు మూడు పర్యాయములు బయట త్రిప్పి తెచ్చుట మా పాలబడినది. ఆ విధముగ నాలుగు మాసములు మేము నడచిన బాటలను, చూచిన అంగళ్లను గూర్చి సోదరీమణులకు కొంత తెలుపగోరుచున్నాము. బిడ్డల పురుళ్లకును, మనుమల పెంపకమునకును మన తెలుగు తల్లులనేకులు ఏటేట ఆ దేశమునకు పోవుచున్నారు గనుక కొందరికైనను ఇది ఉపయోగింపవచ్చును.

కుక్క పేరు చుక్క. నొసట తెల్లని మచ్చ యుండుటచే మనుమరాలు ఆ పేరు పెట్టినది. బీగిలు జాతిది, పొట్టి కాళ్లు, వ్రేలాడు చెవులు, ఎప్పుడును ఏదియో పోగొట్టుకొన్నట్టి చూపు.

మొదటి దినమున మా కుమార్తె మాకు ఒప్పగించినవి మూడు వస్తువులు: ఒక త్రాడు, మెడపట్టెకు వ్రేలాడు బిళ్ల, చిన్న సంచుల చుట్ట. త్రాడు ఆరడుగులకు మించరాదని నగర నియమము. బిళ్ల నగరమువారు ఇచ్చు అనుమతి గుర్తు. పిల్లలు కలుగకుండ శస్త్రచికిత్స చేయించిన కుక్కకు ఏడాదికి 8 డాలర్ల 50 సెంట్లు, చేయింపనిదానికి 34 డాలర్లు రుసుము. ఇక సంచులెందుకని యడిగితిమి. వీథిలో కుక్క చేసిన మలమును యజమానియే ఎత్తవలెనట! మడియాచారముల నడుమ పెరిగినవారము, మా మొగము చూచి మా అమ్మాయి నవ్వి, “పసిబిడ్డలకు చేయలేదా అమ్మా? ఇదియు నంతే,” అన్నది. ఆ మాటకు బదులు చెప్పలేక చుట్టను కొంగున ముడివేసికొంటిమి.

ఈ సంచుల వెనుక ఒక చరిత్ర కలదు. ఒకప్పుడు ఆ నగరపు నడకబాటలు అడుగు పెట్టరానంతటి అసహ్యముగ నుండెడివట. 1978వ సంవత్సరము ఆగస్టునుండి మలము ఎత్తనివారికి జరిమానా విధించు చట్టము అమలునకు వచ్చినది. నాడు జరిమానా 100 డాలర్లు, నేడు 250. ఇట్టి చట్టమును ఎవ్వరు మన్నింతురని నాడు పలువురు పరిహసించిరట. ముత్యాలహారము ధరించిన పెద్దింటి యిల్లాలు నడిబాటలో వంగి తన కుక్క వెనుక శుభ్రము చేయుటను మేము దినదినమును చూచితిమి. మన వీథులలో మనుష్యులు చేయుదానిని తలచుకొని కొంత సిగ్గుపడితిమి కూడ.

మా అమ్మాయి యిల్లు మన్‌హాటను పడమటి భాగమున, సెంట్రల్ పార్కునకు నాలుగు వీథుల దూరమున నున్నది. ఆ ఉద్యానము 843 ఎకరములు. ఓంస్టెడ్, వాక్స్ అను నిరువురు దానిని కల్పించిరి. 1858లో ప్రజలకు ప్రవేశము దొరకినది. చూచుటకు సహజమైన అడవివలె తోచును గాని, అందలి చెఱువులలోను గుట్టలలోను అధికభాగము మనుష్యులు తీర్చిదిద్దినవే. అందు ఉదయము 6 గంటలనుండి 9 గంటలవరకును, మరల రాత్రి 9 గంటలనుండి ఉద్యానము మూయు 1 గంటవరకును, అనుమతించిన తావులలో కుక్కలను త్రాడు విప్పి విడువవచ్చును. వెంట రేబీసు టీకా వేయించినట్లు పత్రము ఉండవలెను. ఇరువది యేండ్లుగా వాడుకగా మాత్రమే సాగిన ఈ వెసులుబాటును ఒక సంఘమువారు న్యాయస్థానమున ప్రశ్నించిరి. పిమ్మట 2007లో నగరమువారు దీనినొక స్పష్టమైన నియమముగ చేసిరి.

అన్ని తావులును కుక్కలకు తెరచియుండవు. పిల్లలు ఆడుకొను ఆవరణములలోనికి అవి పోరాదు. గొఱ్ఱెల మైదానమను పెద్ద పచ్చికబయలు కలదు. 1934వరకు నిజముగనే గొఱ్ఱెలు మేసినది. అందును కుక్కలకు ప్రవేశము లేదు. ఉత్తరమున పూలతోటకును అంతే. ఇది మాకు న్యాయముగనే తోచినది. కుక్కను జూచి బెదరు పసివారికిని, కుక్క యనిన గిట్టనివారికిని ఊరిలో చోటుండవలెను గదా.

మేము పోవునది గ్రేట్ హిల్ అను ఎత్తైన పచ్చికగుట్టకు. ఏప్రిలు మాసమున ఏడు గంటలకు అచ్చట చలి ఇంకను కోయుచుండును. చీరపై రెండు ఉన్నికోటులు తొడిగి మేము బల్లపై కూర్చుండెడివారము. ఏనుగు గున్నలవంటివియు, ఎలుకలవంటివియు ఒక్కచోట చేరి పరుగులు పెట్టుచుండగా వాని యజమానులు కాఫీ త్రాగుచు మాటలాడుకొందురు. వింత యేమనగా, వారికి ఒకరి పేర్లొకరికి తెలియవు. కుక్కల పేర్లు మాత్రము అందరికి తెలియును. మమ్మును అందరు చుక్క అమ్మమ్మగా నెఱిగిరి. భర్త పోయి ఒంటరిగ నుండు ఒక వృద్ధురాలు, తన కుక్కయే లేకున్నచో దినమంతయు తనతో పలుకరించువారుండరని మాకు చెప్పినది. మన యిండ్లలో మాటకు కఱవు లేదు గనుక ఆ దుఃఖము మనకు వెంటనే అర్థము కాదు.

తొమ్మిది కొట్టుసరికి ఎవరును చెప్పకయే త్రాళ్లు తగిలింపబడును. ఆ వేళ అచ్చట పోలీసువాడెవ్వడును మాకు కానరాలేదు.

ఉద్యానము తూర్పువైపున, 67వ వీథి సమీపమున, ఒక రాతిపై బాల్టో అను కుక్క కంచువిగ్రహము కలదు. 1925లో అలాస్కా దేశపు నోమ్ అను పట్టణమున పసిపిల్లలకు గొంతువాపు వ్యాధి, అనగా డిఫ్తీరియా, సోకినది. మంచుచేత దారులన్నియు మూసికొనిపోగా, ఇరువది మంది బండ్లవారు, సుమారు 150 కుక్కలు, వంతులవారిగ 674 మైళ్లు అయిదున్నర దినములలో పరుగెత్తి మందు చేర్చిరి. కడపటి వంతున ముందు నడచినది బాల్టో. ఆ యేడు డిసెంబరులోనే ఈ విగ్రహము నిలిపిరి. అయితే అందరికంటె ఎక్కువ దూరము, అదియు మిక్కిలి ప్రమాదకరమైన మంచుగడ్డపై, పరుగెత్తినది టోగో అను మఱియొక కుక్క. ఇంటెడు చాకిరి ఒకరిది, పేరు మఱియొకరిది యగుట మన సోదరీమణులకు క్రొత్త కాదు! పిల్లలెక్కి ఎక్కి బాల్టో వీపు బంగారమువలె నిగనిగలాడుచున్నది. మా మనుమరాలును ఎక్కినది.

ఒక ఆదివారము బ్రూక్లినులోని ప్రాస్పెక్ట్ పార్కునకు పోయితిమి. ఇదియు ఆ యిరువురే కల్పించిన 526 ఎకరముల ఉద్యానము. ఇందు కుక్కలు ఈదుటకు ఒక చిన్న నీటి రేవు కలదు. అచ్చటికి పోవుటకు భూగర్భ రైలెక్కవలెను. ఆ రైలునందు కుక్కను సంచిలో గాని పెట్టెలో గాని పెట్టి, తోడివారికి బాధ కలుగకుండ కొనిపోవలెనని నియమము. సంచి పరిమాణము మాత్రము చెప్పలేదు. అందుచే దూడంతటి కుక్కను గోనెవంటి సంచిలో దించి, నాలుగు కాళ్లకు నాలుగు కన్నములు పెట్టి నడిపించుకొని వచ్చు మహానుభావులను చూచితిమి. మా అల్లుడు చుక్కను వీపు సంచిలో మోసెను. ఇంత శ్రమపడి పోగా అది నీటి అంచున నిలిచి, మా వంక జూచి, వెనుకకు తిరిగినది.

ఇన్ని కుక్కలున్న ఊరిలో వీథికుక్క యొక్కటియు లేకుండుట మాకు మొదట ఆశ్చర్యమును, పిమ్మట కొంత అసూయను కలిగించినది. విచారింపగా తెలిసిన సంగతి మనస్సును కలచివేసినది. 19వ శతాబ్దమున వీథికుక్కలను పట్టి, ఇనుప పంజరమున కుక్కి, తూర్పునదిలో ముంచి చంపుచుండిరి. 1877లో ఒక్క దినముననే వందలకొలది కుక్కలను అట్లు చేసిరి. 1866లో హెన్రీ బెర్గ్ అను నాతడు జంతుహింసా నివారణ సంఘమును స్థాపించి ఇట్టివానిని ఎదిరించెను. 1894లో ఆ సంఘమే నగరపు కుక్కల బాధ్యతను చేపట్టి నూఱేండ్లు మోసినది. కనుక ఆ వీథుల నిర్మలత్వమును జూచి అది వారికి పుట్టుకతో వచ్చినదని మనమనుకొనరాదు. అనుమతి బిళ్లలు, టీకాలు, శస్త్రచికిత్సలు, శరణాలయములు, ఇవన్నియు తరువాత మెల్లమెల్లగ వచ్చినవి.

ఇక అంగళ్లు. మనుమరాలికి చుక్కతోపాటు ఒక చిన్న కుక్కపిల్ల కూడ కావలెనని పట్టు. దానిని బుజ్జగించుటకై నాలుగైదు పెంపుడు జంతువుల అంగళ్లు త్రిప్పితిమి. అచ్చట లేని వస్తువు లేదు: వానకోటులు, చలిచొక్కాలు, చివరకు పాదరక్షలు! ఇది మితిమీరిన ముద్దు అని తలంచితిమి గాని కారణము లేకపోలేదు. శీతకాలమున మంచు కరగుటకై బాటలపై ఉప్పు చల్లుదురు. అది కుక్కల అరికాళ్లను ఒరసి మంట పెట్టును. పుట్టినదినపు రొట్టెలకు మాత్రము మాకే కారణమును దొరకలేదు.

అన్నియు ఉన్నవి గాని కుక్కపిల్ల లేదు. పిల్లికూనయు, కుందేలును లేవు. ఆ రాష్ట్రమున 2022 డిసెంబరులో చేసిన చట్టము 2024 డిసెంబరు 15నుండి అమలైనది. దాని ప్రకారము అంగళ్లలో కుక్కలను, పిల్లులను, కుందేళ్లను అమ్మరాదు. శరణాలయములవారు తమ జంతువులను తెచ్చి చూపుటకు అంగడివారు చోటీయవచ్చును. తమ యింట పుట్టి పెరిగిన పిల్లలను తామే అమ్ముకొనువారికి నిషేధము లేదు. కొనువారు ఆ యింటికి పోయి చూడవచ్చును గదా. తమ జీవనము పోవుననియు, జనులు కంటికి కానరాని అమ్మకపువాండ్ర వద్దకు పోవుదురనియు అంగడివారు మొఱపెట్టిరి. రెండవ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను చట్టము ఏల వచ్చెనో మాకు చుక్కయే తెలిపినది.

అద్దపు కిటికీలో ఆడుకొను పిల్లను అందరు చూతురు. దాని తల్లిని ఎవ్వరును చూడరు. ఆ పిల్లలు అనేకములు దూరరాష్ట్రముల కుక్కల కార్ఖానాలనుండి వచ్చుచుండెడివి. అచ్చట ఆడుకుక్కలు తీగెల పంజరములలో కాన్పు వెనుక కాన్పుగ కనుటయే గాని నేలమీద నడువనెఱుగవు. చుక్క అట్టి తల్లి. ఇక కనుటకు పనికిరాదని తోచిన పిదప శరణాలయమునకు చేరినది. అచ్చటనుండి మా పిల్లలు తెచ్చుకొన్నారు. పొదుగు సాగి వ్రేలాడుచుండును. వచ్చిన క్రొత్తలో పచ్చికపై అడుగు పెట్టుటకు వణకెడిదట. మెట్లనగా ఏమో తెలియదట. మా అమ్మాయి దాని ముందర గడ్డిపై తానే కూర్చుండి, వారము దినములు పిలువగా పిలువగా ఒక పాదము మోపినదట. కాన్పుకును కాన్పుకును నడుమ ఎడము లేక వడలిన మన పాతకాలపు తల్లులను చూచినవారికి ఇది వేఱుగ చెప్పనక్కరలేదు.

భారతమున ఆదిపర్వములో సరమ కథ యున్నది. తన బిడ్డను నిరపరాధముగ కొట్టిరని ఆ శునకమాత జనమేజయుని సభకే పోయి నిలువదీసినది. ఈ పంజరముల తల్లులకు అట్టి నోరు లేదు.

మన దేశమునను నియమములు లేకపోలేదు. కుక్కలను పెంచి అమ్మువారిని గూర్చి 2017లోను, అంగళ్లను గూర్చి 2018లోను కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. వాని ప్రకారము అమ్మువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలియందు నమోదు చేసికొనవలెను; ఎనిమిది వారములు నిండని కుక్కపిల్లను తల్లినుండి వేఱుచేసి అమ్మరాదు. విహారమునకైనచో, హైదరాబాదున కొండాపురమందు 2018లో నగరపాలకులు కుక్కలకొఱకే ఒక ఉద్యానమును తెరచిరి. అంతకు మునుపు అది చెత్త పోయు స్థలము.

మేము న్యూయార్కున నుండగనే మా అక్కగారి కోడలు హైదరాబాదునుండి జాబు వ్రాసినది. బీగిలు పిల్లను బేరమాడితిననియు, చుక్కను చూచి మీరే సలహా చెప్పవలెననియు అడిగినది. నమోదు పత్రమును, తల్లిని చూపుమని యడుగవలసినదిగ బదులు వ్రాసితిమి. అమ్మువాడు తల్లి పొరుగూర నున్నదనెనట. గట్టిగ అడుగగా ఒక ఛాయాచిత్రము పంపెను. అందలి కుక్క జాతియే వేఱు. బేరము విడిచిపెట్టి, ఇప్పుడు ఆదివారములయందు ఒక శరణాలయమునకు పోయి, అచ్చటి నల్లని వీథికుక్కపిల్ల నొకదానిని ఆడించి వచ్చుచున్నదట. ఇంటికి తెచ్చుటకు అత్తగారి అనుమతి యొక్కటే తక్కువ. మా అక్కగారికి వేఱుగ జాబు వ్రాసియున్నాము.