విశాఖతీరమున పచ్చబొట్లు

విశాఖపట్టణమునకు పోయిన మన స్త్రీలు సామాన్యముగా సింహాచలమును, బురుజుపేటలోని కనకమహాలక్ష్మి గుడిని, రామకృష్ణా బీచిని, ఆ యొడ్డుననే 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచియున్న ‘కుర్సురా’ జలాంతర్గామిని చూచి తిరిగివత్తురు. నేనును వాని నన్నిటిని చూచితిని. అయినను వానిని గూర్చి సోదరీమణులకు తెలియని దేదియు నేను క్రొత్తగా చెప్పజాలను. ఈ మారు నా కన్నులు మనుష్యుల చేతులపై నిలిచినవి. చేపల రేవునందు ముసలమ్మల ముంజేతులపైని పచ్చలు, బీచియందు కళాశాల పిల్లల మెడలపైని పక్షులు, అరకు సంతలో కొండజాతి వృద్ధస్త్రీల మొగములపైని గీతలు — ఒక్క వారములో నింతవరకు చూచితిని.

దీనికి కారణము మా మేనకోడలు. పందొమ్మిదేండ్ల పిల్ల. ఎన్.సి.సి. నావికా విభాగమున చేరి, ఎట్లయినను నౌకాదళమున ప్రవేశింపవలెనని పట్టుదలతో నున్నది. 2022 నుండి ఆడుపిల్లలను అగ్నివీరులుగా నావికులలో చేర్చుకొనుచున్నారు గదా! ఆ యుత్సాహమున కుడిభుజముపై ఓడ లంగరు పొడిపించుకొందునని పిల్ల, ఇంట కాలు పెట్టనీయనని తల్లి. మధ్యవర్తిగా నన్ను పిలిపించిరి.

నేను తీర్పు చెప్పుటకు ముందు పిల్లను వెంటబెట్టుకొని చేపల రేవునకు పోయితిని. తెల్లవారుజామున పడవలు వచ్చు వేళ. ఎండుచేపల గంప ముందుంచుకొని కూర్చున్న యొక ముసలమ్మ రెండు ముంజేతులును మణికట్టునుండి మోచేతివరకు పచ్చలతో నిండియున్నవి. చుక్కల వరుసలు, తేలు, ఒకచోట చెరిగిపోయిన యక్షరములు. అవి భర్త పేరట. చదువుట తనకును రాదు, పొడిచినదానికిని రాదు. ఎవరో పలకపై వ్రాసియిచ్చిరట. మేము చూచుచుండుట కనిపెట్టి, “ఏటమ్మా అలగ సూస్తన్నారు? బంగారమైతే పోయేటప్పుడు ఊడదీసుకుంతారు. దీన్నెవులు ఊడదీత్తారు?” అని నవ్వినది. ఈ మాటనే మా యమ్మ నోటను చిన్ననాట వినియుంటిని. చచ్చినవెనుక వెంటవచ్చు నగ పచ్చబొట్టొక్కటే యని తెలుగునాట స్త్రీలందరును నమ్మినదే. పేదయింటి యాడుదానికి దొంగలభయము లేని సొమ్ము అది.

పూర్వము ఈ పని చేయువారు ప్రధానముగా ఎరుకల స్త్రీలు. సోది చెప్పుచు, గంపలల్లుచు ఊరూర తిరిగి పచ్చలు పొడిచెడివారు. మద్రాసు ప్రదర్శనశాలాధికారియైన ఎడ్గర్ థర్‌స్టన్ దొర ఇరువదవ శతాబ్దారంభమున వీరి పద్ధతిని వివరముగా వ్రాసిపెట్టినాడు. పసుపును అవిసె యాకును నూరి పలుచని గుడ్డకు పూసి, దానిని వత్తిగా చుట్టి, ఆముదపు దీపమున వెలిగించి, దానిపై క్రొత్తకుండ బోర్లించెదరు. కుండ లోపల పట్టిన మసిని గీకి, నీటితోగాని చనుబాలతోగాని కలుపుదురు. కొన్ని సూదులను దారముతో కట్టగా గట్టి, ఆ సిరాలో ముంచి పొడుచుదురు. నొప్పి తెలియకుండ పాట పాడుదురు. ఈ పనికి ప్రతిఫలముగా డబ్బును, బియ్యమును ఇచ్చెడివారట. ఆ పాట లేవియో తెలియవే యని నాకు విచారము. నమూనాలు చర్మముపై నున్నంతకాలమైన నిలుచును. పాట పొడిచినదానితోనే పోయినది.

మసి నల్లనిది గదా, బొట్టు పచ్చనగుట యేల యని మేనకోడలడిగినది. సూది పైచర్మమును దాటి లోపలి చర్మమున, అనగా రమారమి రెండు మిల్లీమీటరుల లోతున సిరాను చేర్చును. పైచర్మము నిత్యము రాలి మరల పుట్టుచుండునుగాని లోపలిది అట్లు రాలదు. అచ్చటి రక్షకకణములు ఆ మసిరేణువులను శత్రువులని యెంచి మ్రింగి, జీర్ణింపజాలక పట్టుకొనియుండును. ఒక కణము చచ్చినచో దాని ప్రక్కకణము ఆ రేణువును మరల మ్రింగునని 2018లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షించి చూపిరి. మనపై పడిన వెలుతురులో ఎఱ్ఱని భాగము లోతుకు పోయి మసిలో ఇంకిపోవగా, నీలిభాగము చర్మమునుండియే వెనుకకు చెదరును. అందుచే నలుపు మన కంటికి నీలముగను పచ్చగను తోచును.

ఈ విద్య యే యొక్క దేశమువారి సొత్తును గాదు. 1991లో ఆల్ప్సు పర్వతములందు మంచులో దొరికిన సుమారు 5,300 ఏండ్లనాటి మనుష్యుని దేహముపై 61 గీతలు లెక్కించిరి. ఈజిప్టున నాలుగువేల యేండ్ల క్రిందటి అమూనెత్ అను దేవాలయ పూజారిణి కడుపుపై చుక్కలవరుసలున్నవి. ఆ చుక్కలు మన ముసలమ్మల చేతులవానివలెనే యుండుట ఆశ్చర్యము. నేడు పిల్లలనెడి ‘టాటూ’ యను మాట పసిఫికు ద్వీపములది. 1769లో కుక్కు నావికుడు తాహితి ద్వీపమునకు పోయివచ్చిన పిమ్మట ఇంగ్లీషున చేరినది. అప్పటినుండి నావికులకును పచ్చబొట్టుకును చుట్టరికము. లంగరన్న అట్లాంటికు మహాసముద్రమును దాటినాడనియు, వానకోవెల పిట్ట యొకటియన్న అయిదువేల నాటికల్ మైళ్లు నడిచినాడనియు వారిలో వాడుక. 1933లో రేవు తెరచినది మొదలు విశాఖకు నానాదేశముల యోడలును వచ్చుచునే యున్నవి. 1968 నుండి తూర్పు నౌకాదళమునకిది స్థానము. ఇట్టి యూరి పిల్లకు లంగరుపై మనసుపోవుట వింత గాదు.

అరకునకు రైలులో పోయితిమి. ఆ దారిలో కొండలు తొలిచిన సొరంగములు లెక్కబెట్టుచు పిల్ల నలుబది దాటినవెనుక నిద్రపోయినది. అరకు 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. సంతలో కోదుజాతి వృద్ధస్త్రీ యొకతె అల్లము అమ్ముచుండెను. నుదురు, చెక్కిళ్లు, గడ్డము — అన్నిటిపైని సన్నని గీతలు. పరలోకమున తమవారు తమ్ము గుర్తుపట్టుటకని కొందరును, పూర్వము దొరలు చెరపట్టకుండ అందము చెరుపుకొనుటకని మరికొందరును చెప్పుదురు. రెండవ కథ మైదానమువా రల్లినదేమో యని నా యనుమానము. ఆ మొగమున అందము చెడిన జాడ నాకు కానరాలేదు. ఆమె ప్రక్కనున్న కోడలికిగాని మనుమరాలికిగాని ఒక్క చుక్కయు లేదు. బడిలో వెక్కిరింతురని మానిరట. విశాఖలో కళాశాల పిల్లలు వేలు పోసి వేయించుకొనుదానిని కొండమీది పిల్లలు సిగ్గుపడి మానుచున్నారు! మేము మాటలాడుచుండగనే యిద్దరు యాత్రికులు అడుగకయే ఆమె మొగమునకెదురుగా ఫోను పెట్టి ఫోటో తీసికొనిపోయిరి. అల్లమైనను కొనలేదు. సోదరీమణులు పోయినప్పుడు ముందు అల్లము కొనుడు, అనుమతి యడుగుడు, వలదన్నచో ఊరకుండుడు.

మరునాడు నగరములోని యొక పచ్చబొట్ల దుకాణమునకు పోయితిమి. లోపల వైద్యశాలవలె శుభ్రముగా నున్నది. పనివాడు యువకుడు. యంత్రము చేతబట్టి చూపినాడు: ఎడిసను 1876లో పేటెంటు పొందిన విద్యుత్కలమును చూచి, న్యూయార్కులోని ఓరైలీ యను నాతడు 1891లో దీనిని పేటెంటు చేయించెను. సూది కుట్టుమిషను సూదివలె పైకిని క్రిందికిని ఆడును. సూదులు విశాఖ ఉక్కువా యని పిల్ల యడిగినది. మన కర్మాగారము ఇండ్లు కట్టు కడ్డీలను, తీగలను చేయునుగాని సూదులను చేయదని ఆతడు నవ్వినాడు.

పిమ్మట ఆతడే, “సైన్యములో చేరు నుద్దేశమున్నదా?” యని యడిగెను. ఈ ప్రశ్న అడుగని దుకాణమునకు మన పిల్లలను పంపరాదు. త్రివిధదళములలో ముంజేతి లోపలిప్రక్కను, అరచేతి వెనుకను తప్ప శరీరమున వేరెచ్చటను శాశ్వతపు పచ్చబొట్టు పనికిరాదు. ఆచారము ననుసరించు గిరిజనులకు మాత్రము సడలింపు గలదు. కేంద్ర సాయుధ పోలీసు దళములందు వందనము చేయు కుడిచేయి కూడదు. ఎడమ ముంజేతి లోపలగాని చేతుల వెనుకగాని, ఆ యవయవమున నాలుగవవంతుకు లోబడియే యుండవలెను. భుజముపై ప్రేయసి పేరు వేయించుకొని, వైద్యపరీక్షకు నెలముందు చెరుపుమని ఏడ్చుచు వచ్చు బాలురు పలువురట. లేసరు కిరణములతో చెరుపుటకు అనేక పర్యాయములు పోవలెను, పచ్చ, పసుపు రంగులు నలుపుకంటె మొండివి, మచ్చయు మిగులవచ్చును.

పిల్ల మొగము చిన్నబోయినది. లంగరు మాట విడిచినది. కొంతసేపటికి, “అత్తా, మామ్మ చేతిమీది తులసికోట వేయించుకుంటాను” అన్నది. మా యమ్మకు 1954 ప్రాంతమున అనకాపల్లి వైపు ఒక ఎరుకలసాని మానెడు బియ్యమునకు పొడిచినది అది. పిల్ల ఫోనులో దాని ఫోటో యున్నది. ఎడమ ముంజేతి లోపల రెండంగుళములు మాత్రము. వదినగారితో ఫోనులో మాటలాడితిని. పది నిమిషములు వాదించి, తన యత్తగారి చేతిదే యనగానే మెత్తబడినది.

క్రొత్తసూది పొట్లమును మా యెదుట చింపుట, తొడుగులు మార్చుట, మాకుగా వేరు గిన్నెలో సిరా పోయుట — ఈ మూడును నేను దగ్గరుండి చూచితిని. పాతసూదివలన కామెర్ల వ్యాధులును, హెచ్.ఐ.వి. యును సంక్రమించును. మధుమేహము గలవారును, చర్మరోగము గలవారును వైద్యుని సలహా లేక పోరాదు. వేయించుకొన్న పిదప ఒక యేడు రక్తదానము కూడదు. గాయము మానుటకు రెండు మూడు వారములు పట్టును. అంతవరకు సముద్రస్నానము, తీవ్రమైన యెండ, గోకుట, పసుపు పట్టించుట పనికిరావు. విశాఖలో నుండి సముద్రము నంటకుండుటయే పిల్లకు సూదికంటె కష్టమైనది.

ఇంటికి వచ్చినపుడు మా యమ్మ కన్నులజోడు పెట్టుకొని, మనుమరాలి చేతిని తన చేతిప్రక్కన నుంచి చాలసేపు చూచినది. తరువాత, కోట క్రింద ఒక చుక్క తక్కువైనదని చెప్పినది. లెక్కించితిమి. నిజమే.