అద్దె ఇంటికి తాళము వేసి

ఏప్రిల్ నెలాఖరులో బడులకు సెలవులు ఇవ్వగానే మా ఇంట్లో ప్రయాణపు సందడి మొదలవుతుంది. మా అత్తగారి ఊరు గుంటూరు జిల్లాలో ఉన్నది. పిల్లలకు అమ్మమ్మ, మామిడిపండ్లు తప్ప మరి ధ్యాస ఉండదు. మాకు మాత్రము విడిచివెళ్ళే ఇంటి మీదనే ధ్యాస. సేవలో ఉన్నవారికి సొంత ఇల్లు ఎక్కడిది? బదిలీ అయిన చోటెల్లా అద్దె ఇల్లే. మొదట ఎమ్మిగనూరులో ఉన్నాము, ఇప్పుడు ఆదోనిలో ఉన్నాము.

ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘము ఆ ఊరి పేరును దూరదేశాలకు తీసికొనిపోయినది. మేమున్న ఇల్లు ఒక నేతగాని ఇంటిని ఆనుకొని ఉండేది. మధ్యలో ఒకే గోడ. తెల్లవారుజామున ఆయన మగ్గము చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. అది గుంత మగ్గము. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకొని, చెక్కలు తొక్కుతూ నేస్తారు. వానకాలములో గుంతలో చెమ్మ ఊరితే పని ఆగిపోతుంది.

పన్నెండేళ్ళ క్రితము ఆ ఇంటినుండి మొదటిసారి సెలవులకు బయలుదేరినాము. మా సిద్ధపాటు చూచినవారు మెచ్చుకొనవలసినదే. బియ్యములో వేపాకు వేసినాము. చెదలు పట్టకుండా పుస్తకాల పెట్టెను గోడకు జానెడు దూరము జరిపినాము. గ్యాసు కట్టి, మెయిన్ స్విచ్ దించి, పాలు మాన్పించినాము. తలుపుకు రెండు తాళాలు వేసినాము. మా సామానులో దొంగకు పనికివచ్చేది ఏదో మాకే తెలియదు గాని, రెండు తాళాలు వేసినాము.

వేసవిలో తుంగభద్ర దిగువ కాలువకు నీళ్ళు ఆగిపోతాయి. నిలవ ఉంచిన నీటినే పొదుపుగా వదులుతారు గనుక కుళాయి ఎప్పుడు పలుకుతుందో చెప్పలేము. బయలుదేరే ఉదయము ఎవరో కుళాయి తిప్పి, గాలి తప్ప ఏమీ రాకపోగా అట్లే వదిలినారు. ఎవరో అనుట న్యాయము కాదు. మేమే. ఆ రాత్రి నీళ్ళు వచ్చినవి. పెరటి తూము ఆకులతో పూడి ఉన్నది. పొంగిన నీళ్ళు గోడ అడుగునుండి ప్రక్కింటి మగ్గపు గుంతలోనికి దిగినవి.

మూడు వారముల తరువాత వచ్చి తాళము తీస్తే మా ఇల్లు ఉన్నది ఉన్నట్లే ఉన్నది. చాల సంతోషించినాము. ప్రక్కింటాయన "బాగుండారా సార్" అని ఎప్పటివలెనే పలకరించినాడు. మగ్గము చప్పుడు మాత్రము వినబడలేదు. మూడవ రోజున ఇంటి యజమానురాలైన అవ్వ అద్దెకు వచ్చి చెప్పినది: "మీ నీళ్ళకు వాళ్ళ పడుగు పాడైపాయ సార్. ఆ రేత్రి గోడ దుంకి మీ కొళాయి కట్టింది గూడా ఆయప్పనే. మీరు దేవుని పని చేసేటోళ్ళు, అడిగేకి నోరు రాలేదంట."

పడుగుకు గంజి పట్టించి ఉంటారు. తడిస్తే పోగులు ఒకదానికొకటి అతుక్కొని తెగిపోతాయి, బూజు పడుతుంది. పైగా ఆ నూలు ఆయనది కాదు. కూలికి నేసేవాడు నూలు ఇచ్చినవారికి లెక్క చెప్పుకోవలెను. వెళ్ళి క్షమించమని అడిగినాము. డబ్బు వద్దన్నాడు. పిల్లల తల్లి ఆయన భార్య చేతిలో పెట్టి వచ్చినది. అది పడుగుకు సరిపోయినది గాని పోయిన రోజుల కూలికి సరిపోలేదు. అంతకంటె మా వద్ద లేకపోయినది. ఆ లోటు ఇప్పటికీ మా మనస్సులో ఉన్నది.

తరువాత ఆదోనికి వచ్చినాము. రెండు ఊళ్ళకు మధ్య ముప్పై కిలోమీటర్లే. ఇక్కడ ఇల్లు విడిచివెళ్ళుట అంటే ఏమిటో చుట్టుప్రక్కల పల్లెలవారిని చూచి నేర్చుకొన్నాము. కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు వైపునుండి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి పోతాయి. దీపావళి దాటితే చాలు, మిరపకాయలు కోయుటకు గుంటూరు వైపు ప్రయాణము. మేము సెలవులకు పోయే వేళకు వారు అక్కడినుండి తిరిగి వస్తుంటారు. మాది మూడు వారములు, వారిది నాలుగైదు నెలలు. కొందరు పిల్లలను ప్రభుత్వ సీజనల్ హాస్టలులో విడిచిపోతారు, కొందరు వెంట తీసికొని పోతారు. ఆ పిల్లల చదువు అంతటితో తెగిపోతుంది.

ఇట్లు బయలుదేరుతున్న ఒక తల్లిని "ఇల్లు భద్రము చేసినావా అమ్మా?" అని అడిగినాము. "ఇల్లు యాడికి పోతాది సార్? ముసలామెకు పొద్దుకింత కూడు ఎవరు పెడతారో అదే చూసుకోవల్ల" అన్నది. చూచుకొన్నది గూడా. ప్రక్కింటామెకు బియ్యము కొలిచి ఇచ్చి, మందుల చీటీ చేతికిచ్చి, కుండలు బోర్లించి బయలుదేరినది.

అప్పటినుండి మా వరుస మారినది. ప్రయాణానికి ముందు రోజు ఇరుగుపొరుగు ఇండ్లకు వెళ్ళి, ఎన్నాళ్ళు ఉండమో చెప్పి, ఒక తాళపుచెవి, అత్తగారి ఊరి ఫోను నంబరు ఇచ్చివస్తాము. నీళ్ళ తొట్టి ఖాళీ చేసి, కొబ్బరిపీచుతో గోడలు రుద్ది ఆరబెడతాము. డెంగీ దోమ గ్రుడ్లు ఆ గోడకే అంటుకొని నీళ్ళు లేకున్నా నెలల తరబడి బ్రతుకుతాయి. మళ్ళీ నీళ్ళు పడితే వారము పది రోజులలో దోమలై లేస్తాయి. అవి కుట్టేది ఊరిలో ఉన్నవారినే గదా. తూములోని ఆకులు తీస్తాము. గ్యాసు సిలిండరు వద్దనే రెగ్యులేటరు కట్టేస్తాము.

ఈ ఏడు తాళము వేసి, సామాను ఆటోలో ఎక్కించిన తరువాత మా చిన్నవాడు "నాన్నా, కుళాయి?" అన్నాడు. కట్టినామని అందరమూ అన్నాము. చూచినవారు ఎవరో తేలలేదు. తాళము తీసి లోపలికి వెళ్ళి చూచినాము. కట్టియే ఉన్నది. బస్సు మాత్రము వెళ్ళిపోయినది. రెండు గంటలు బస్టాండులో కూర్చుండి, అమ్మగారు దారికని కట్టిన పులిహోర అక్కడనే తినివేసినాము.