మాజికార్ప్ అను మత్స్యము

1996వ సంవత్సరమున జపాను దేశమందు వెలువడిన పోకెమాన్ అను వీడియో క్రీడలో మాజికార్ప్ అను ఎఱ్ఱని చేప కలదు. ఒక వర్తకుడు దానిని 500 నాణెములకు అంటగట్టును. అది యెగిరిపడుటయే గాని శత్రువునకు గోరంత హానియు చేయజాలదు. 15వ స్థాయిన గాని ఢీకొన నేర్వదు. 20వ స్థాయిన గ్యారడాస్ అను మహాసర్పమగును. (ఆ మహాసర్పమునకు సయితము విద్యుద్ఘాతము నాలుగింతలై తగులుననుకొనుడు.) అంతవరకు దానిని పోరున ముందు నిలిపి, వెంటనే వెనుకకు దీసి, బలముగల తోటిదానిచే గెలిపింపవలయును. అనుభవము రెంటికిని సగపాలు.

ఈ సగపాలే నన్ను ఆలోచింపజేసినది. మా ఎనిమిదవ తరగతిలో చురుకైన బాలుని ప్రక్కన, అక్షరములు కూడబలుకుకొను వానిని కూర్చుండబెట్టితిని. తమ కుమారునకు నష్టమని తండ్రిగారు వచ్చి వాదించిరి. నష్టము లేదని వారితో చెప్పలేదు, కొంత కలదు. బాలురిద్దఱు నేటికిని ఆ బల్లమీదనే కూర్చుండుచున్నారు.