ఫెన్ అంటే పెన్ను కాదు

మాల్దీవుల్లో టీచర్‌గా చేస్తున్నానని చెప్తే మా చర్లలో ఎవరైనా ముందు అడిగేది ఫొటోలే. నీళ్ల మీద చెక్క ఇళ్లు, హీరోయిన్ల వెకేషన్ పోస్టులు, గాజులాంటి సముద్రం. నా ఫోన్ గ్యాలరీలో అవేవీ ఉండవు. దిద్దాల్సిన లెక్కల నోట్‌బుక్కులు, దోనీ పడవలోంచి దిగుతున్న బియ్యం బస్తాలు, ఇసుక వీధిలో ఆరేసిన నా రెండు చొక్కాలు. ఫొటోలు చూశాక వాళ్ల ముఖాలు ఎలా పడిపోతాయో నాకు బాగా అలవాటు.

నేనుండేది దక్షిణాన, భూమధ్యరేఖకు దగ్గర్లో, హువధూ అటాల్‌లోని ఒక చిన్న దీవి. ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే ఇరవై నిమిషాలు. మాల్దీవుల్లో దాదాపు 1,190 దీవులున్నాయి కానీ జనం ఊళ్లు కట్టుకుని ఉండేవి రెండు వందల లోపే. టూరిస్టులు చూసే రిసార్టులు వేరే దీవులు. మూడేళ్లలో నేను రిసార్టులో అడుగుపెట్టింది ఒక్కసారి, అదీ పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్లినప్పుడు.

2022లో హైదరాబాద్‌లో ఒక ఏజెంట్ నాతో 'ఇంటర్నేషనల్ స్కూల్' అన్నాడు. వెళ్లి చూస్తే దీవిలో ఉన్న ఒకే ఒక్క సర్కారు బడి. అలాగని పూర్తిగా అబద్ధమూ కాదు. అక్కడ సర్కారు బడుల్లోనూ పెద్ద తరగతుల పిల్లలు రాసేది కేంబ్రిడ్జ్ పరీక్షలే, ప్రశ్నపత్రం ఇంగ్లండ్ నుంచి వస్తుంది. 1960ల మొదట్లోనే మాలేలో ఇంగ్లిష్ మీడియం మొదలైంది. అప్పుడు సిలోన్ నుంచి టీచర్లను తెచ్చుకున్నారు, తర్వాత మనవాళ్లు వెళ్లడం పెరిగింది. ఇథియోపియాకి హైలె సెలాసీ చక్రవర్తి కాలంలోనే ఇండియా టీచర్లు వెళ్లారు, గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడులు సరేసరి. నేను కొత్తగా తొక్కిన దారేం కాదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. ఏజెంట్‌కి డబ్బు కట్టేముందు అతని పేరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. ఇంకోటి, జీతం రుఫియాల్లో వస్తుంది. అధికారికంగా డాలర్‌కి 15.42 రుఫియాలే కానీ డాలర్లకు కరువు. ఇంటికి పంపడానికి నెలకింతే అని బ్యాంకు పరిమితి పెడుతుంది, బయట కొంటే రేటు ఎక్కువ. కాగితం మీద చూసిన జీతం, అమ్మ ఖాతాలో పడిన జీతం ఒకటి కాదు. అయినా వాలంటీర్‌గా వచ్చినదానికి మూడు రెట్లు ఎక్కువే, అందుకే ఉన్నాను.

ఇక నేను నిజంగా చెప్పాలనుకున్నది నా రెండో రోజు సంగతి.

నేను లెక్కల టీచర్ని, పై తరగతులకు. ఆ రోజు ఒక మేడమ్ రాలేదని ఒకటో తరగతికి పంపారు. ఆరేళ్ల పిల్లలు. ఒకడు లేచి, నా దగ్గరికొచ్చి, "సర్, ఫెన్" అన్నాడు. జేబులోంచి పెన్ను తీసి ఇచ్చాను. వాడు పెన్ను వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఫెన్" అన్నాడు మళ్లీ. వేరే రంగు కావాలేమో అని ఎర్రది ఇచ్చాను. క్లాసు మొత్తం గొల్లున నవ్వింది. వాడికి ఏడుపొచ్చింది. పక్క గదిలోంచి అక్కడి టీచర్ ఒకామె వచ్చి వాడి వీపు నిమిరి బయటికి తీసుకెళ్లింది. దివేహి భాషలో ఫెన్ అంటే నీళ్లు. వాడు దాహమేసి అడుగుతున్నాడు.

స్టాఫ్ రూమ్‌లో అందరూ సరదాగా నవ్వారు, నేనూ నవ్వాను. సాయంత్రం సముద్రం ఒడ్డున 'జోలి'లో కూర్చున్నా. ఇనుప చట్రానికి తాళ్లతో అల్లిన ఉయ్యాల కుర్చీని అక్కడ జోలి అంటారు, మన జోలెలాగే ఒళ్లంతా ఇముడ్చుకుంటుంది. అందులో కూర్చున్నాక నవ్వు ఆగిపోయింది. ఎందుకంటే ఈ కథ నాకు ముందే తెలుసు. చర్లలో జరిగింది. నేను దాన్ని జోకులాగా ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

2018లో విద్యా వాలంటీర్‌గా తాలిపేరు ప్రాజెక్టు దాటాక ఒక ఊళ్లో వేశారు. అడవిలోకి ఇసుక బాట, వానాకాలం బండి తోసుకుంటూ పోవడమే. పిల్లలు కోయ వాళ్లు, కొందరు 2005 తర్వాత సల్వాజుడుం గొడవలకు ఛత్తీస్‌గఢ్ వదిలి వచ్చి గుడిసెలు వేసుకున్న కుటుంబాల వాళ్లు. రెండో తరగతి పిల్లాడొకడు అస్తమానం లేచి "సార్, ఏరు" అనేవాడు. ఏట్లో ఆడుకోడానికి పోతానంటున్నాడు అనుకున్నా. "ఏటికెందుకురా, కూర్చో" అని గదమాయించా. మూడోసారి చెప్పకుండానే లేచి పోయాడు. తిరిగొచ్చాక గోడకి నిలబెట్టా, మధ్యాహ్నం భోజనం గంట దాకా.

అన్నం వండే అక్క చెప్పింది, "సార్, మా భాషలో ఏరంటే నీళ్లే" అని. నవ్వొచ్చింది. తెలుగు వాగు కోయలో మంచినీళ్లు, ఎంత చిత్రం అనుకున్నా. ఆ సాయంత్రమే చర్ల సెంటర్లో టీ కొట్టు దగ్గర ఫ్రెండ్స్‌కి చెప్పా. ఆ పిల్లాడు రెండు వారాల తర్వాత బడికి రావడం మానేశాడు. ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకప్పుడు తట్టలేదు. ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయతో సహా 8 గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేశారు. భాష వాళ్లది, లిపి తెలుగు. మా బడి బీరువాలో ఒక్కటి కూడా లేదు. ఉన్నా తెరిచేవాడినా? దీవిలో మాత్రం నెల తిరక్కముందే తానా లిపి నేర్చుకోవడం మొదలుపెట్టా. కుడి నుంచి ఎడమకు రాస్తారు, గుణింతంలాగే అచ్చుల గుర్తులు పైనా కిందా పెడతారు. మొదటి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల్లోంచి పుట్టాయి, లెక్కల టీచర్‌కి అంతకన్నా ఏం కావాలి! కోయ మాత్రం, పుట్టిన ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో రెండేళ్లు పనిచేసి, పది మాటలు నేర్చుకోలేదు. అక్కడ నేర్చుకోకపోతే ఉద్యోగం కష్టం. ఇక్కడ నేర్చుకోకపోయినా ఎవరూ అడగలేదు.

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. వాలంటీర్లను మళ్లీ పిలవలేదు. అదే ఏడాది ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. చదివేవాళ్లలో చాలామందికి ఆ జీవో తెలిసుండదు. 2000లో వచ్చింది. ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. చర్ల మొత్తం ఏజెన్సీయే. మా తాత కిందనుంచి, గోదావరి జిల్లా నుంచి వలసొచ్చినవాడు, మేం గిరిజనులం కాదు. డి.ఎడ్., బి.ఎడ్. చేతిలో పెట్టుకుని, పుట్టిపెరిగిన మండలంలోనే రెగ్యులర్ పోస్టు దక్కదా అని ఆ జీవోని ఎన్ని తిట్లు తిట్టానో. కొట్టేసిన రోజు స్వీట్లు పంచలేదు కానీ వాట్సాప్ స్టేటస్ పెట్టా.

దీవిలో రూల్ ఏమిటో తెలుసా? అర్హత ఉన్న మాల్దీవుల టీచర్ దొరికితే ఉద్యోగం వాళ్లకే. విదేశీయుడు ఆ తర్వాతే. నాతోపాటు చేరిన కేరళ సార్ సైన్స్ చెప్పేవాడు. పోయినేడు అక్కడి అమ్మాయి డిగ్రీ పూర్తిచేసి వస్తే ఆయన కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. వీడ్కోలు రోజు ఆయనే అన్నాడు, వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు, న్యాయమే కదా అని. నేనూ తలూపా. తలూపుతూనే ఆ స్టేటస్ గుర్తొచ్చింది.

రంజాన్ నెల అక్కడ బడికి సెలవు. అందుకే 2025 మార్చిలో ఇంటికొచ్చా. దీవి నుంచి చిన్న పడవ, లోకల్ విమానం, మాలే, కొచ్చిన్, హైదరాబాద్, ఆపై రైల్లో భద్రాచలం రోడ్. ఆ స్టేషన్ పేరు చూసి దిగిన కొత్తవాళ్లు మోసపోతారు, అది కొత్తగూడెంలో ఉంది, భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లు. గోదావరి బ్రిడ్జి దాటి, రాములవారి గుడి గోపురానికి బస్సులోంచే దండం పెట్టుకుని, ఇంకో బస్సు. లక్ష్మీనగరం, పర్ణశాల వైపు చీలే రోడ్డు, అక్కడక్కడ చెకింగ్, ఆపై చర్ల. ఈ చివరి అరవై కిలోమీటర్లే నాకు అన్నిటికన్నా పొడుగ్గా అనిపిస్తాయి.

మార్చిలో చర్ల ఎలా ఉంటుందో చెప్పాలి. బస్సు దిగకముందే ముక్కు చెప్తుంది. గోదావరి ఒడ్డు పొడుగునా మిర్చి కళ్లాలు, ఎర్రటి దుప్పట్లు పరిచినట్టు. ఊరంతా తుమ్ములు. ఇటు అడవి వైపు పోతే ఇప్పపూల వాసన, తెల్లారకముందే బుట్టలతో బయల్దేరే ఆడవాళ్లు. ఛత్తీస్‌గఢ్ నుంచి ట్రాక్టర్లలో వచ్చిన మిర్చి కూలీలు చేల గట్ల మీదే వండుకుంటారు. టార్పాలిన్ డేరాలు, రాత్రి పొయ్యిల వరుస. సముద్రం మీద దూరంగా కనిపించే చేపల పడవల లైట్లలా ఉంటుంది. ఇది రాస్తే నన్నెవరైనా తిడతారేమో, ఆ డేరాల్లో ఉండేవాళ్లకు అందం కనిపించదు.

అమ్మకి నా దీవి అంటే భయం. మాల్దీవుల్లో ఎత్తైన నేల కూడా రెండున్నర మీటర్లకు మించదని ఎవరో చెప్పారట. 2004 సునామీ వీడియోలు కూడా చూపించారట. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరి మా రోడ్డంతా మునిగినప్పుడు, ఆ మునిగిపోయే దీవిలో పొడి ఇసుక మీద నిలబడి అమ్మకి ఫోన్ కలవక నేను ఏడ్చా. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఈ సంగతి గుర్తుచేస్తే అమ్మ మాట మారుస్తుంది. "ఈసారన్నా డీఎస్సీ రాస్తావా నాన్నా?" అంటుంది. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టినప్పుడు నాకు సెలవు దొరకలేదు.

వచ్చిన నాలుగో రోజు బండేసుకుని ఆ ఊరికి వెళ్లా. తాలిపేరు గేట్లు పాతికా మూసే ఉన్నాయి. బడి అదే, రంగు కొత్తది. లోపల టీచర్, ఇరవై ఆరేళ్లుంటాయేమో, ఆ చుట్టుపక్కల ఊరి కోయ అమ్మాయి. తెలుగు వాచకం చేతిలో పట్టుకుని కోయలో కథ చెప్తోంది. నేను రెండేళ్లు చూసిన క్లాసు కాదది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి జవాబులు చెప్తున్నారు. నా కాలంలో వీళ్లకు సిగ్గు ఎక్కువ అని రిజిస్టర్‌లో రాశాను నేను. కిటికీ దగ్గర కాసేపు నిలబడి, పలకరించి వచ్చేశా. ఆ బడికి నా అవసరం ఏమీ కనపడలేదు. కొంచెం గుచ్చుకుంది, దాచుకోను.

పిల్లాడు మిర్చి చేలో ఉన్నాడని అన్నం వండే అక్క చెప్పింది. ఇప్పుడు పద్నాలుగేళ్లు. దూరం నుంచే గుర్తుపట్టాడు. "సార్! బాగున్నారా? దుబాయ్‌లో ఉన్నారంట కదా!" మంచి తెలుగు. ఎక్కడ నేర్చావురా అంటే, "ఇక్కడే, మేస్త్రి తిడతా ఉంటే వచ్చేసింది" అని నవ్వాడు.

గట్టు మీద కూర్చున్నాం. గోడకి నిలబెట్టిన సంగతి ఎత్తి, తప్పు నాదేరా అన్నాను. వాడికి గుర్తులేదు. నిజంగా లేదో, పెద్దమనిషి బాధపడుతున్నాడని లేదన్నాడో. వాడికి గుర్తున్నది నా పాత బండి హారన్, గుడ్డు పెట్టే రోజులు. బడి ఎందుకు మానేశావంటే, ఆ ఏడాది చిన్న చెల్లిని ఎత్తుకునేవాళ్లు లేక అన్నాడు. ఆ చెల్లి ఇప్పుడు అదే బడిలో, ఆ కోయ టీచర్ దగ్గరే చదువుతోందట.

ఫెన్ కథ చెప్పా. ఎర్ర పెన్ను దగ్గరికొచ్చేసరికి పొట్ట పట్టుకుని నవ్వాడు, పక్క సాలులో ఉన్నవాళ్లకు కోయలో చెప్పి వాళ్లనీ నవ్వించాడు. తర్వాత బాటిల్ అందించి, "ఏరు తాగండి సార్" అన్నాడు. నేను ఆ మాట తిరిగి అన్నా. "అట్లా కాదు సార్" అని నాలుగుసార్లు దిద్దాడు. ఐదోసారి వదిలేశాడు. మేస్త్రి కేకేస్తే లేచిపోయాడు.

ఇంటికొచ్చేసరికి బడి నుంచి మెయిల్. కాంట్రాక్ట్ ఇంకో ఏడాది పొడిగిస్తాం, ఉంటారా లేదా ఆదివారం లోపు చెప్పండి అని. అక్కడ వారం ఆదివారంతో మొదలవుతుంది, శుక్ర, శని సెలవులు. ఇవాళ గురువారం. అమ్మ కళ్లంలో మిర్చి తిరగేస్తోంది. నేను ఫోన్ పట్టుకుని తుమ్ముతున్నా.