గోడౌనంతా కౌంటరు మీద

డేటాబేసు మందగించిందంటే ముందుగా వినిపించే సలహా, "ర్యామ్ పెంచండి." తప్పని అనను గానీ, చాలాసార్లు అది తొందరపాటే.

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర రోజూ పొద్దున 11 గంటలకు బిల్లింగు స్తంభించేది. మెడికల్ షాపుల నుంచి వచ్చిన కుర్రాళ్ళు కౌంటరు ముందు విసుక్కునేవారు. యజమాని కోపమంతా బిల్లులు కొట్టే అబ్బాయి మీద. "వీడికి చెయ్యి తిరగదండీ, వచ్చే నెల మార్చేస్తాను," అన్నారు నాతో, అతను వింటుండగానే.

వాళ్ళది పాత మైఎస్‌క్యూఎల్ 5.5. అందులో బఫర్ పూల్ అంటే, డిస్కు మీది 16 కిలోబైట్ల పేజీలను మెమరీలో దగ్గర పెట్టుకునే చోటు. వాళ్ళ కొట్టు భాషలోనే చెప్పాలంటే కౌంటరు వెనక అర. రోజూ అమ్ముడయ్యే పారాసెటమాల్ అక్కడ, ఎప్పుడో ఒకరడిగేది గోడౌన్లో. అర నిండిపోతే చాలాసేపుగా ఎవరూ ముట్టనిది బయటికి పోతుంది. మామూలు వేళల్లో డిస్కు దాకా వెళ్ళే పనే తక్కువ. 11 అయ్యేసరికి అన్నిటికీ గోడౌన్‌కే పరుగు.

స్లో క్వెరీ లాగ్ తెరిస్తే కారణం దొరికింది: నిన్నటి వసూళ్ళ రిపోర్టు. బిల్లు తేదీ మీద ఇండెక్స్ ఉంది. కానీ క్వెరీ రాసినవాళ్ళెవరో ఆ కాలమ్‌ను డేట్ ఫంక్షన్లో చుట్టారు. అలా చుడితే ఇండెక్స్ అక్కరకు రాదు, ఒక్కరోజు బిల్లుల కోసం ఏళ్ళ తరబడి బిల్లులన్నీ తిరగేయాల్సిందే. ఇలాంటి వరద వస్తుందనే ఇన్నోడీబీ కొత్త పేజీలను జాబితా మొదట్లో కాక మధ్యలో చేరుస్తుంది. అయితే పేజీని ఒకసారి ముట్టగానే, వాడుకలో ఉందనుకుని ముందుకు తెచ్చేస్తుంది. కాసేపు ఆగి చూడమనే సెట్టింగు 5.5లో సున్నా. 2013లో వచ్చిన 5.6లో గానీ అది 1000 మిల్లీసెకన్లు కాలేదు. గోడౌనంతా తెచ్చి కౌంటరు మీద కుమ్మరిస్తే పారాసెటమాల్‌కి చోటెక్కడిది?

ఫంక్షన్ తీసేసి, నిన్న అర్ధరాత్రి నుంచి ఇవాళ అర్ధరాత్రి లోపు అని హద్దులు రాశాం. సెట్టింగు 1000 చేశాం. మర్నాడు 11 దాటినా బిల్లులు సాగుతూనే ఉన్నాయి.

ఇంతకీ ఆ రిపోర్టు నడిచేది యజమాని గదిలో. కాఫీ తాగుతూ ఆయనే నొక్కేవారు, తెర కదలకపోతే మళ్ళీ నొక్కేవారు. ఆ సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ర్యామ్ కొనక్కర్లేదంటారు," అన్నారు.

అక్కర్లేదన్నాను. "ఆ అబ్బాయిని కూడా మార్చక్కర్లేదండీ," అని నేనే కలిపాను.