ఉలవగింజలు పారబొయ్యకండి

ఒంటికి మంచి తిండి అంటే ఓట్స్, ప్రొటీన్ పౌడరు అనుకుని, అవి కొనలేక చాలామంది ఆ ఊసే వదిలేస్తున్నారు. చూస్తే బాధేస్తుంది. అదే కిరాణా కొట్లో ఉలవలు, రాగులు ఉన్నాయి కదా!

100 గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. రాత్రి నానేసి, పొద్దున కుక్కర్లో మెత్తగా ఉడికించి వారిస్తే, ఆ నీళ్లకు చింతపండు పులుసు, ఇంగువ తాలింపు చేరి కమ్మటి చారవుతుంది. గింజల్ని మాత్రం దయచేసి పారబొయ్యకండి. మాంసకృత్తులు, పీచు ఎక్కువగా వాటిలోనే మిగులుతాయి. ఉల్లిపాయ, ఎండుమిర్చి, కరివేపాకు వేసి పోపు పెడితే గుగ్గిళ్లు. పిల్లలు బడి నుంచి రాగానే బిస్కెట్ ప్యాకెట్ బదులు అవి గిన్నెలో వేసివ్వండి, వేడివేడిగా.

కాల్షియం కావాలంటే రాగులు. 100 గ్రాముల్లో 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో అందులో పదోవంతు కూడా ఉండదు.

ఇంకొక్కటి. తోటకూర పప్పు దించాక నిమ్మచెక్క పిండండి. అందులోని విటమిన్ సి వల్ల ఆకుకూరలోని ఇనుము బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగ్గా అందదు. అందుకే మా ఇంట్లో భోజనమయ్యాక గంట దాటాకే టీ పెడుతున్నాం.