మౌసు వాళ్ళ చేతిలోనే ఉండనివ్వండి

మృగశిర కార్తె వచ్చింది. మున్నేటి మీది గాలి చల్లబడింది, చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు లేదు. 12వ తేదీన బళ్ళు తెరిచారు. పుస్తకాల షాపుల్లో అట్టలకీ లేబుళ్ళకీ, దర్జీల దగ్గర యూనిఫాంలకీ మా ఖమ్మంలో ఏటా ఉండే రద్దీయే. దానికి తోడు కొన్నేళ్ళుగా ఇంకో రద్దీ కలిసింది. నెట్ సెంటర్, మీసేవ, ఆధార్ కేంద్రం, ఎక్కడ చూసినా జిరాక్స్ కాగితాల కవరు పట్టుకున్న అమ్మానాన్నలు, వాళ్ళ పక్కన పిల్లలు. బడైనా కాలేజీ అయినా, పిల్ల లోపలికి అడుగు పెట్టేలోపే పేరు కంప్యూటర్లోకి ఎక్కాలి. ఈ నెల కబుర్లన్నీ ఆ వరసల్లోంచి ఏరుకొచ్చినవే.

ముందు బడి కబురు. మా పేటలో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. ఆరో తరగతిలో కొత్తగా చేరినవాళ్ళకి కంప్యూటర్ మొదటి పాఠాలు చెప్పడానికి మేం కొంతమందిమి శనివారాలు వెళ్తున్నాం. నాలాంటి రిటైరైన టీచర్లున్నారు, డిగ్రీ చదివే పిల్లలున్నారు. ఇలాంటి గదులకి ఒక చరిత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 హైస్కూళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి, నేర్పడానికి బోధకులూ వచ్చారు. ఐదేళ్ళ ఒప్పందం తీరగానే బోధకులు వెళ్ళిపోయారు, యంత్రాలు మిగిలాయి. యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయి చాలా గదులు స్టోరు రూములయ్యాయి. ఆ తర్వాత కూడా కంప్యూటర్లు వస్తూనే ఉన్నాయి గాని, పక్కన కూర్చుని నేర్పే మనిషి లేని లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఇప్పటి పిల్లలకి నేర్పేదేముంది, ఫోన్లో వాళ్ళే మనకి పాఠాలు చెప్తున్నారు కదా అంటారు చాలామంది. ఒక్కసారి గదిలోకి వచ్చి చూడండి. ఫోనుతో పెరిగిన పిల్లలు వచ్చీ రాగానే మానిటర్ మీద వేలు పెట్టి జరుపుతారు. ఏమీ కదలదు. మౌసు చేతికిస్తే గాల్లోకి ఎత్తి తెర వైపు చూపిస్తారు. రెండుసార్లు గబగబా నొక్కమంటే, మొదటి నొక్కుకీ రెండో నొక్కుకీ మధ్య చెయ్యి జరిగిపోయి ఫోల్డర్ ఇంకో మూలకి పోతుంది. తెలివి తక్కువై కాదు, చేతికి అలవాటు లేక. అరగంట కూర్చోబెడితే వచ్చేస్తుంది. ఆ అరగంట ఎవరూ ఇవ్వకపోతే ఇంటర్ దాకా రాదు.

అసలు చిక్కు లాగిన్ దగ్గర. మొన్న ఒక పాప యూజర్‌నేమ్ చక్కగా కొట్టింది. పాస్‌వర్డ్ దగ్గరికొచ్చేసరికి ఏ అక్షరం నొక్కినా తెర మీద నల్లచుక్క పడుతోంది. తను కొట్టింది రావడం లేదనుకుని మొత్తం చెరిపేసింది. మళ్ళీ కొట్టింది, మళ్ళీ చెరిపింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి గాని నోరు విప్పి అడగదు. వెనకాల నిలబడ్డ డిగ్రీ అబ్బాయి జాలిపడి, చెయ్యి చాచి తనే టకటకా కొట్టేయబోయాడు. వద్దని ఆపాను. "చుక్కలే రావాలమ్మా. పక్కవాళ్ళకి కనపడకుండా దాస్తోంది. నువ్వు కొట్టిందే లోపల పడుతోంది" అని చెప్పాం, అంతే. ఒక్కో అక్షరం పెదాలతో అనుకుంటూ కొట్టి, ఎంటర్ నొక్కింది. తెర తెరుచుకుంది. కాసేపటికి పక్క పిల్ల "నాదీ చూడవే" అని లాగితే, చుక్కల సంగతి ఆ పిల్లకి తనే చెప్తోంది. క్యాప్స్ లాక్ దీపం వెలుగుతోంది, ఆర్పెయ్ అని కూడా అంది. అది మేం చెప్పింది కాదు, తను కనిపెట్టుకున్నదే.

అప్పట్నుంచి మా గదిలో ఒక కట్టడి పెట్టుకున్నాం. నేర్పేవాళ్ళు మౌసు ముట్టుకోకూడదు, కీబోర్డు మీద వేలు పెట్టకూడదు. నోటితో చెప్పాలి, కావాలంటే తెర మీద వేలితో చూపించాలి. సైకిల్ నేర్పేటప్పుడు సీటు వెనక పట్టుకుని పరిగెడతాం గాని, పిల్లని దింపి మనం ఎక్కి తొక్కం కదా. పని ఆలస్యమవుతుంది, ఒప్పుకుంటాను. గంటలో అయ్యే పాఠం రెండు గంటలు పడుతోంది. అయినా సరే, ఇదే పద్ధతి.

తెలుగులో టైపు చేయించడం మాత్రం మానొద్దని ఏ బడికి వెళ్ళినా గట్టిగా చెప్తాను. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకి విడిగా ఏదీ కొనక్కర్లేదు. విండోస్‌లో ఉంది, లినక్స్‌లో ఉంది, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తెలుగు కలుపుకోవడమే. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతి వైపు, హల్లులు చాలావరకు కుడిచేతి వైపు. "అమ్మ" అని కొట్టాలంటే షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే అ పడుతుంది. సి నొక్కితే మ. షిఫ్ట్ లేకుండా డి నొక్కితే మ నెత్తిన పొల్లు. మళ్ళీ సి నొక్కగానే రెండో మ బుద్ధిగా మొదటిదాని కిందికి ఒత్తుగా దిగుతుంది. అది దిగడం చూసి గదంతా ఒక్కసారి "ఓ..." అంది. పలక మీద దిద్దిన ఒత్తు కంప్యూటర్లో ఎలా కూడుతుందో పిల్లలు కళ్ళారా చూశారు. ఆ తర్వాత ఎవరి పేరు వాళ్ళు, ఇంట్లో తమ్ముడి పేరు, మేకపిల్ల పేరు. బెల్లు కొట్టినా లేవలేదు.

ఇక ఆఫీసు రూములో నడుస్తున్న కబురు అపార్. 12 అంకెల నంబరు. ఒకసారి వస్తే చదువున్నన్నాళ్ళూ అదే, మెమోలూ సర్టిఫికెట్లూ దానికి జతపడి డిజిలాకర్లోకి చేరతాయి. బడుల రికార్డులుండే యూడైస్‌లో పిల్లలకి ముందునుంచీ ఉన్న 11 అంకెల పెన్ నంబరు వేరు, ఇది వేరు. రెండూ ఒకటే అనుకుని ఒకదాని గడిలో ఇంకోటి రాస్తున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అపార్ రావాలంటే తల్లిదండ్రులు అంగీకార పత్రం మీద సంతకం పెట్టాలి, బడి రికార్డులో పేరూ పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోవాలి. మన ఇళ్ళల్లో ఇదే పెద్ద పరీక్ష. అడ్మిషన్ రిజిస్టరులో ఇంటిపేరుకి పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట చివర. బారసాల నాడు నాయనమ్మ పేరు కలిపి పెట్టారు, ఆధార్‌లోకి ముద్దుపేరు ఎక్కింది. ఒక్క అక్షరం తేడా ఉన్నా కంప్యూటర్ ఇద్దరు మనుషులనే అనుకుంటుంది.

సరిచేసుకోవలసిందేదో టెన్త్ పరీక్ష ఫీజు కట్టేలోపే సరిచేసుకోండి. టెన్త్ మెమోలో పడ్డ పేరే ఆ తర్వాత అన్నిచోట్లా అడుగుతారు. ఆధార్‌లో పేరు మార్చుకోవడానికి రెండుసార్లే అవకాశం, పుట్టిన తేదీకి ఒక్కసారే. కాబట్టి తొందరపడి ఏదో ఒకటి మార్పించకండి. ముందు కాగితాలన్నీ ఒకచోట పరిచి ఏది ఖాయం చేసుకోవాలో ఇంట్లో తేల్చుకోండి. పిల్లలకి 5 ఏళ్ళప్పుడూ 15 ఏళ్ళప్పుడూ వేలిముద్రలు, కనుపాపలు కొత్తగా ఇవ్వాలి. ఆ పని మీద వెళ్ళిన రోజే పేరు కూడా చూసుకుంటే రెండోసారి తిరగనక్కర్లేదు. ఆపరేటర్ ఎక్కించాక తెర పిల్ల వైపు తిప్పమని అడగండి, తన పేరులో అక్షరాలు తననే పైకి చదవమనండి. మన కంటికి ఆనని తప్పు పిల్లకి ఇట్టే తెలుస్తుంది.

ఇప్పుడు డిగ్రీ పిల్లల గోల. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ చేరికలు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా నడుస్తున్నాయి. ఇంటర్ హాల్ టికెట్ నంబరు కొట్టాలి, ఆధార్‌కి జతపడిన ఫోనుకి ఓటీపీ వస్తుంది, ఫీజు కడితే దోస్త్ ఐడీ, పిన్ వస్తాయి. ఆ రెండూ ఉంటేనే వెబ్ ఆప్షన్లు. సీటు వచ్చిందన్న మెసేజ్ చూసి మిఠాయి పంచేసి ఊరుకునేవాళ్ళని చూస్తే నాకు గుండె దడ. గడువులోగా ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. మధిర వైపు నుంచి వచ్చిన ఒక అబ్బాయికి ఓటీపీ దగ్గరే బండి ఆగింది. ఆధార్‌లో ఉన్నది వాళ్ళ నాన్న పాత నంబరు. రీఛార్జి మానేసి చాలాకాలమైంది, కంపెనీ ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేసింది. ఈ అబ్బాయి ఇక్కడ కూర్చుని "రాలేదు టీచర్" అంటుంటే, ఆ అంకెలు ఎక్కడో ఒక పరాయి మనిషి ఫోన్లో పడుతున్నాయి. ఆధార్ కేంద్రానికి వెళ్ళి నంబరు మార్పించుకుంటే గాని పని ముందుకు జరగలేదు. వేసవి సెలవుల్లోనే ఈ ఒక్కటి చూసుకుని ఉంటే జూన్లో ఇన్ని తిప్పలుండేవి కావు.

నాకు నిజంగా కోపం తెప్పించిన సంగతి ఇంకోటి ఉంది. కిందటేడు ఇంటర్లో చేరిన ఒక అమ్మాయికి నెట్ సెంటర్లో ఈమెయిల్ తెరిచి ఇచ్చారు. ఇచ్చారంటే, అడ్రసు ఒక చిన్న కాగితం మీద రాసి ఇచ్చారు. పాస్‌వర్డ్ వాళ్ళ నోటుబుక్కులో, రికవరీ నంబరు అక్కడ పనిచేసే కుర్రాడిది. ఈ ఏడు సెంటర్ మూసేశారు, కుర్రాడు ఊళ్ళో లేడు. ఆ మెయిల్ అడ్రసు కాలేజీ రికార్డులో ఉంది, స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఉంది, ఆ అమ్మాయికి మాత్రం అందులోకి దారి లేదు. ఎవరూ చెడు తలపెట్టి చేసింది కాదు. వెనక వరస పెరుగుతోంది, తొందరగా కానిద్దామనుకున్నారు. కానీ ఆ తొందరలో ఒక పిల్ల తాళంచెవి ఎక్కడో ఉండిపోయింది. రుసుము తీసుకోండి, తప్పులేదు. పాస్‌వర్డ్ కొట్టే ఆ కాసేపు మాత్రం కుర్చీ ఆ పిల్లకి ఇవ్వండి. రికవరీకి అమ్మ నంబరో నాన్న నంబరో పెట్టించండి. ఇంటికెళ్ళాక ఫోన్లో ఒకసారి తనంతట తాను తెరిచి చూసుకోమని చెప్పి పంపండి. 13 ఏళ్ళు నిండని పిల్లలకైతే గూగుల్ ఖాతా తల్లిదండ్రుల ఖాతాకి జతచేసి తెరవాలి. పుట్టిన సంవత్సరం వెనక్కి జరిపి తెరిచే అలవాటు మానుకోవాలి.

ఎంసెట్ పిల్లల వెబ్ ఆప్షన్ల గురించి వచ్చే నెల తీరిగ్గా మాట్లాడుకుందాం. ఇప్పటికి ఒక్కటే మాట. పేరు మారి ఈఏపీసెట్ అయినా ఇళ్ళల్లో గొడవ మారలేదు, బాబాయి ఒక కాలేజీ అంటాడు, మామయ్య ఇంకో కాలేజీ అంటాడు. ఆప్షన్లు ముందు తెల్లకాగితం మీద వరసగా రాసుకుని, ఆ వరస పిల్లతో మాట్లాడి ఖాయం చేసుకుని, అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చోండి.

బాసర ట్రిపుల్ ఐటీ కబురు కూడా ఒకటి చెప్పాలి. 2008లో ఈ ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పటి నుంచి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లె బడుల పిల్లలు టెన్త్ కాగానే నేరుగా చేరి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. అక్కడ చదువుకున్న మా పేట అమ్మాయి చెప్పింది. చేరిన కొత్తలో మూత వేస్తే ఆఫ్ అయిపోయిందనే అనుకునేదట, పొద్దున చూస్తే బ్యాటరీ సున్నా. రాసుకున్న ఫైలు ఎక్కడ దాచిందో తెలియక రాత్రంతా వెతికిందట. పక్క గదిలో ఉండే అక్క వచ్చి, ఫైలు వెతికి ఇవ్వలేదు, ఎలా వెతకాలో చెప్పి పక్కన కూర్చుందట. ఆ అమ్మాయి ఇప్పుడు మా శనివారం బృందంలో ఉంది. పిల్లల ఫైల్ పేర్ల మీద చాలా పట్టుదల. పేరు పెట్టకుండా సేవ్ చేస్తే ఊరుకోదు.

ఇంకో ఇంట్లో ఆగస్టు ప్రయాణం హడావుడి. అబ్బాయి ఎమ్మెస్‌కి అమెరికా వెళ్తున్నాడు. పచ్చళ్ళు ప్యాకింగ్ అయిపోయాయి, సూట్‌కేసు తూకం అయిపోయింది. యూనివర్సిటీ ఖాతాకి రెండో తాళంగా ఇక్కడి ఫోను నంబరు ఇచ్చాడు. అక్కడ దిగి కొత్త సిమ్ వేసుకుంటే ఈ నంబరుకొచ్చే కోడ్ ఎవరు చూస్తారు? ఫోన్లో ఆథెంటికేటర్ యాప్ పెట్టుకుని, బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకుని, ఇక్కడి సిమ్ రీఛార్జి చేస్తూ ఉండమని చెప్పాను. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే కదా వచ్చేది. వాళ్ళమ్మ ఆ కోడ్ల కాగితం ఇంకో కాపీ రాయించి బీరువాలో పెట్టుకుంది.

దోస్త్ విడతలు ఇంకా నడుస్తున్నాయి. ఆదివారం పొద్దున మా బడి కంప్యూటర్ గది తెరిచే ఉంచుతాం, నెట్ ఉంది, రుసుమేమీ లేదు. వచ్చేటప్పుడు ఇంటర్ హాల్ టికెట్, ఆధార్ కార్డు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఒక చిన్న నోటుబుక్కు తెచ్చుకోండి. ఆధార్‌కి జతపడిన ఫోను తప్పకుండా ఉండాలి. ఆ ఫోను నాన్న దగ్గర ఉంటే నాన్ననీ వెంటబెట్టుకు రండి. ఆయన పొలం పనుల్లో ఉంటే ముందుగా ఒక మాట చెప్పి, ఆ గంటసేపు సిగ్నల్ ఉన్నచోట ఉండమనండి.